మగ్గం కుండ

"మా మార్తకి నిన్న ఏం పోశావమ్మా?"

ఆమోసు మళ్ళీ అదే అడిగాడు. తెల్లవారగానే పెళ్ళాన్ని తోపుడుబండి మీద పడుకోబెట్టి పెద్దాసుపత్రిలో దింపి, అక్కణ్ణుంచి నేరుగా ఇటే వచ్చాడు. అతని చేతిలో మార్త చెంబు ఉంది. దాన్ని అరుగు మీద లోపల కనపడేట్టు వంచి పెట్టాడు. అడుగున అంటుకున్న గంజి ఎండి పెచ్చుకట్టి ఉంది.

చౌడేశ్వరమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఎసరు పెట్టింది గాని నూకలు పొయ్యలేదు. రోజూ ఈ వేళకి ముంతలూ చెంబులూ వరసగా పెట్టుకుని కూర్చునే జనం ఇవాళ వరసలో లేరు. గుంపుగా నిలబడ్డారు. నిన్నటిదాకా 'అన్నం పెట్టే తల్లి' అన్న నోళ్ళే అవన్నీ!

"రోజూ పోసేదే పోశాను ఆమోసూ. నూకల గంజి. ఇంత మజ్జిగ, ఉప్పు, నలిపిన పచ్చిమిరపకాయ. అంతకన్నా నా దగ్గర ఏముంటుంది?"

"మరి అట్లా ఎందుకు కక్కుతుందమ్మా అది? పచ్చగా కక్కుతోంది. ఆకుపసరులా కూడా కాదు. చిలుం పట్టిన రాగిచెంబు కడిగితే నీళ్ళెట్లా వస్తాయి, అట్లా."

పక్కింటి వెంకటరావమ్మ చెంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చింది. ఆవిడ మొగుడు కూడా తెల్లవార్లూ వాంతులతో పడి ఉన్నాడు.

"కళాయి లేని గిన్నెలో మజ్జిగ పెట్టావా చౌడమ్మా? నిజం చెప్పు."

"మా ఇంట్లో ఇత్తడి గిన్నె మిగిలితే గదా వదినా! అమ్ముకు తినలా? మట్టికుండే నాది. నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు."

"చూస్తూనే ఉన్నాను. అందుకే అడుగుతున్నాను."

లోపల మగ్గం గుంటలో కూర్చున్న మామగారు మార్కండేయులు ఆమోసు మాటకి తల ఎత్తాడు. యుద్ధం వచ్చి నూలు కంట్రోలులో పడ్డాక ఆ మగ్గం మీద ఒక్క పోగు ఆడలేదు. అయినా ముసలాయన రోజూ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుంటలో కాళ్ళు దించుకుని కూర్చునేవాడు. చేతిలో ఖాళీ నాడె, పడుగులో పేక నూలు నడిపే కొయ్య. ఆ నాడెని అటూ ఇటూ మారుస్తూ ఉండేవాడు. ఇప్పుడు అది ఆగిపోయింది.

బయట అది ఎవరూ చూడలేదు.

"ఒట్టెయ్యి," అంది వెంకటరావమ్మ. "నీ పేరే అమ్మవారి పేరు. ఆ చౌడేశ్వరి మీద ఒట్టేసి చెప్పు, నూకలు తప్ప ఇంకేం కలపలేదని."

చౌడేశ్వరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. పొగ కళ్ళల్లోకి కొట్టింది. కళ్ళు తుడుచుకుని, మంగళసూత్రం పట్టుకుని అమ్మవారి మీద ఒట్టు వేసింది.

అది అబద్ధపు ఒట్టు.

అయ్యో, ఆ మనిషిని తిట్టేముందు ఆవిడ సంగతి కూడా చూడాలి. బెజవాడ పాతూళ్ళో, కొండ కింద ఆ సందులో, కూలిజనానికి దమ్మిడీకో ఊరికేనో వేడిగా కడుపులో ఇంత పడేది ఆ అరుగు మీదే. రేషను బియ్యం కొనే స్తోమతు లేనివాళ్ళు, కార్డు అంటే ఏమిటో ఎరగనివాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, రైలుకట్ట మీద బొగ్గు ఏరుకునేవాళ్ళు, అందరూ అక్కడికే వచ్చేవారు. మిల్లువాళ్ళు కోళ్ళకి పోసే నూకలు ఆవిడ తెచ్చేది. గోడౌను ఊడ్చే జక్కయ్య తెచ్చిచ్చే ఊడ్పులు చెరిగి, గాలించి, రాళ్ళు తీసేది. మార్కెట్టు కట్టేసే వేళకి వెళ్ళి వడలిన తోటకూర ఏరుకొచ్చేది. బియ్యం కడుగునీళ్ళు కూడా పారబోసేది కాదు. వాటిని గేదెలావిడకిస్తే ఆవిడ బదులుగా మజ్జిగ పోసేది. ఆ ఇంట్లో పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు.

మార్తలాంటివాళ్ళ చెంబు తగలకుండా పైనుంచి పోసేది, ఆ మాటా చెప్పుకోవాలి. అట్లా పోసిన గంజికే వాళ్ళు దణ్ణం పెట్టి తాగేవాళ్ళు.

నిన్న సాయంత్రం నూకలు అయిపోయాయి. జనం మాత్రం అయిపోలేదు. చివర్న మార్త ఉంది, బొగ్గుమసి ముఖంతో. పొద్దుటి నుంచి ఏమీ తినలేదంది. చౌడేశ్వరమ్మ లోపలికి వెళ్ళింది. మగ్గం గుంట పక్కన, పీట మీద, మూత పెట్టి ఉన్న కుండ దగ్గర నిలబడింది.

అది మగ్గం కుండ. పడుగుకి గంజి పెట్టడానికి దాచిన చోళ్ళపిండి అందులో ఉంటుంది. నేతవాళ్ళ ఇళ్ళల్లో దాన్ని మగ్గం కూడు అంటారు. ఇంట్లో పిల్లలు ఏడ్చినా, పెద్దలు పస్తున్నా ఆ కుండలో చెయ్యి పెట్టరు. మగ్గానికి పెట్టాల్సింది మనం తింటే మగ్గం మనల్ని తింటుందని వాళ్ళ నమ్మకం. మామగారు పెరట్లోకి వెళ్ళిన సమయం చూసి చౌడేశ్వరమ్మ ఆ పిండి తీసింది. పొయ్యి మీది కుండలో మిగిలిన గంజిలో కలిపి మళ్ళీ మరిగించింది.

అందులో విషం ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. తను చేసింది దొంగతనం అనుకుంది, అంతే. ఇప్పుడు ఒట్టు వేసిందీ అందుకే. బయట గుంపుకి భయపడి కాదు, లోపల గుంటలో కూర్చున్న ముసలాయన వింటాడని.

"విన్నారుగా!" అన్నాడు ఆవిడ మొగుడు ఏడుకొండలు. అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్న మనిషికి ఒక్కసారిగా గొంతు వచ్చింది. "మా ఆవిడ అమ్మవారి మీద ఒట్టేసింది. ఇంక తప్పు మా ఇంట్లో లేదు. నూకలు మిల్లువి. మిల్లు నూకలు ఊరంతా తింటోంది. మిగిలినవి ఏమిటి? ఆ జక్కయ్యగాడి ఊడ్పులు."

"గోడౌన్లో ఎలకల మందు పెడతారు!" ఎవరో అరిచారు.

"అదే! మందు కలిసిన గింజలు ఊడ్చి తెచ్చాడు వెధవ!"

అంతే. గుంపుకి దారి దొరికింది. ఏడుకొండలు పైపంచె తలకి చుట్టి ముందు నడిచాడు. ఆమోసు ఒక్క నిమిషం అక్కడే నిలబడి, చెంబు చేతిలోకి తీసుకుని, ఆసుపత్రి వైపు వెళ్ళిపోయాడు.

'ఏమయ్యో, ఆగు' అనాలని చౌడేశ్వరమ్మ నోరు తెరిచింది. లోపల మగ్గం గుంటకేసి చూసి మూసుకుంది. జక్కయ్య ఊడ్పుల్లో ఏనాడూ ఎలకపెంట కూడా రాలేదు. ఆ సంగతి ఈ సందులో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

సందు ఖాళీ అయింది. ఎసరు ఊరికే మరుగుతోంది.

"అమ్మాయ్."

"మావయ్యా."

"ఇట్లా రా."

వెళ్ళింది. మార్కండేయులు గుంటలోంచి పైకి లేచి మగ్గం కుండ దగ్గర నిలబడి ఉన్నాడు. మూత మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఈ మూతకి కన్నం పడింది. ఆ కన్నం గోడవైపు ఉండేట్టు పెడతాను నేను. ఇప్పుడు ఇటు తిరిగి ఉందేం?"

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంది.

"పిల్లి తీసిందనుకోనా?"

"నేనే తీశాను మావయ్యా."

ఆయన కోప్పడతాడనుకుంది. చెయ్యెత్తి కొడతాడేమో అని కూడా అనుకుంది. కొట్టినా బాగుండేది. ఆయన మెల్లిగా నేలమీద కూర్చున్నాడు.

"దేంట్లో కలిపావు?"

"నిన్నటి గంజిలో. నూకలు అయిపోతే..."

"మనం తిన్నామా?"

"లేదు. మీకూ ఆయనకీ ముందే పెట్టేశాను. నేను నిన్న తిననేలేదు."

ముసలాయన నేలకేసి చూస్తూ, ఎవరితోనో వేరేవాళ్ళతో చెబుతున్నట్టు అన్నాడు.

"దాంట్లో మైలుతుత్తం ఉంది."

చౌడేశ్వరమ్మకి ఆ మాట ఒక పట్టాన ఎక్కలేదు. మైలుతుత్తం తెలియని నేతింటి కోడలు ఉండదు. నీలంరాయి. పడుగుకి బూజు పట్టకుండా గంజిలో వేస్తారు. కాని అది వేసేది గంజి కాచే రోజున, పొయ్యి మీద కుండ ఉడుకుతుంటే, అందరూ చూస్తుండగా. పిండిలో ఎవరూ వెయ్యరు. వేసినట్టు ఆవిడ ఎక్కడా వినలేదు.

"పిండిలోనా? పిండిలో ఎవరేస్తారు మావయ్యా?"

"పురుగు పట్టింది. నూలు ఇవాళొస్తుంది, రేపొస్తుంది అని కూర్చుంటే పిండంతా పురుగే తినేసేట్టు ఉంది. తుత్తం పొడి కొట్టి కలిపేశాను. నల్లటి పిండి, కనపడదు."

"నాకొక్క మాట చెప్పలేకపోయారా!"

"ఎందుకు చెప్పాలి?" అప్పుడు లేచింది ఆయన గొంతు. "మగ్గం కూట్లో చెయ్యి పెట్టే ఆడది ఈ ఇంటికొస్తుందని నేను కలగన్నానా? మీ అత్త ఆకులలములు ఉడకబెట్టుకు తిన్న కరువులో కూడా ఈ కుండకేసి చూడలేదు. పిల్లాడు చచ్చిపోతే పూడ్చిపెట్టి వచ్చి పడుకుంది గాని చూడలేదు!"

చౌడేశ్వరమ్మ గోడకి ఆనుకుంది. నిన్న సాయంత్రం మార్త చెంబు పట్టుకుని నిలబడ్డ తీరు కళ్ళముందు కదిలింది. చివర్న వచ్చింది గదా, ఆకలితో ఉంది గదా అని కుండ వంచి, అడుగున చిక్కగా పేరుకున్నదంతా గరిటెతో గీకి మరీ పోసింది. అందరికన్నా చిక్కటిది మార్తకే పోసింది. 'నీ కడుపు చల్లగుండా చౌడమ్మ తల్లీ' అని కూడా అంది ఆ పిచ్చిది. పుణ్యానికి పోతే పాపం ఎదురయ్యిందంటారే, ఇదే!

ఆవిడ చెంగు సర్దుకుని గుమ్మం వైపు కదిలింది.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. తుత్తమని చెప్పొస్తాను."

"కూర్చో."

"మనిషి పోతుంది మావయ్యా."

"వాంతయిపోతే అదే తగ్గుతుంది. కూర్చో అంటున్నాను." ముసలాయన గొంతు మళ్ళీ కిందికి దిగింది. బతిమాలుతున్నాడో, బెదిరిస్తున్నాడో తెలియడం లేదు. "ఏమని చెబుతావు? మా ఇంట్లో మగ్గం కూడు వండి వీధిలో అమ్ముకున్నామని చెబుతావా? విషం పడిందంటే పొరపాటంటారు. నలుగురూ నాలుగు రోజులకి మర్చిపోతారు. మగ్గం కూడు అమ్ముకున్నారంటే కులం మర్చిపోదు. రేపు నూలు వచ్చినా మన గడపలోకి ఒక్క నూలు చిలప కూడా రానివ్వరు."

"జక్కయ్య మీదకి పోయారు వాళ్ళు."

"వాడు గట్టివాడు. తట్టుకుంటాడు." ఆయన ఆవిడ ముఖంలోకి చూడలేదు. "ఇంకో మాట. నువ్వు నోరు తెరిస్తే ఈ పొయ్యి ఆర్పేస్తారు. నీ అరుగు మీద మళ్ళీ ఎవడూ ముంత పెట్టడు. ఈ సందులో జనానికి రేపు ఎవరు పోస్తారు? అది ఆలోచించుకో."

చౌడేశ్వరమ్మ కూర్చుంది. దాచడమెందుకు, కూర్చుంది. గుమ్మంలోనే, పొయ్యికేసి చూస్తూ కూర్చుండిపోయింది. ఆ ఆఖరి మాట ఆవిడ కాళ్ళు విరిచింది. ఆకలితో వచ్చే ముఖాలు తెలిసిన మనిషి ఆవిడ. ఒకర్ని బతికించబోతే అందరికీ కూడు పోతుందేమోనన్న భయం పట్టుకుంది.

ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది. లేచి నీళ్ళు పొయ్యాలని కూడా తోచలేదు.

సందు మొదట్లో గోల వినిపించింది.

జక్కయ్యని తెచ్చారు. అతని తువ్వాలుతోనే చేతులు వెనక్కి విరిచి కట్టారు. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారింది. గోడౌను షావుకారు తనకేం తెలియదని తలుపు వేసుకున్నాడట. ఏడుకొండలు జక్కయ్య మెడ పట్టుకుని అరుగు ముందుకి తోశాడు. తోసి, పెళ్ళాం వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత తను ఒక మొగాడి పని చేశానన్న సంతోషం ఆ ముఖంలో కనపడుతోంది. ఆ సంతోషం చూడలేక చౌడేశ్వరమ్మ ముఖం తిప్పుకుంది.

"ఎలకల మందు ఎక్కడ కలిసిందో చెప్పరా!"

"మందు నాకు తెలియదు బాబో! నేను తెచ్చిన ఊడ్పుల్లో సగం నా ఇంట్లోనే వండుకుంటానండీ. నా పిల్లలు తిన్నాకే ఇక్కడ ఇస్తాను." జక్కయ్య మోకాళ్ళ మీద పడి చౌడేశ్వరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరైనా చెప్పండమ్మా. ఇన్నాళ్ళ నుంచి తెచ్చిస్తున్నాను. ఎప్పుడన్నా చెడ్డ గింజ వచ్చిందా?"

ఆవిడ పెదవులు కదిలాయి. అంతలో ఆమోసు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒగురుస్తూ అరుగు పట్టుకున్నాడు.

"డాక్టరుగారు అడుగుతున్నారు. ఏం తిందో తెలిస్తే దానికి విరుగుడు వేస్తారంట. ఒకదానికి వేసేది ఇంకోదానికి వేస్తే ప్రాణం మీదకొస్తుందంట. అది మాట్లాడటం లేదు. కళ్ళు తేలేస్తోంది." అతను గుంపుకేసి చూశాడు, జక్కయ్యకేసి చూశాడు, చివరికి చౌడేశ్వరమ్మకేసి చూశాడు. "ఎలకల మందని చెప్పెయ్యనా అమ్మా?"

"చెప్పెయ్యరా! ఇంకా ఏమిటి చూడటం?" అన్నాడు ఏడుకొండలు.

ఆమోసు కదలలేదు. ఆవిడ నోటి నుంచి రావాలని నిలబడ్డాడు.

చౌడేశ్వరమ్మ లేచింది. లోపలికి వెళ్ళింది. మార్కండేయులు అడ్డంగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి తప్పించి మగ్గం కుండ ఎత్తుకుని వచ్చి, అరుగు మీద, అందరి ముందూ పెట్టింది. మూత తీసింది.

"ఎలకల మందు కాదు ఆమోసూ. జక్కయ్య తప్పు లేదు. ఇందాక నేను వేసింది అబద్ధపు ఒట్టు. ఇది మా మగ్గం పిండి. నిన్న నూకలు చాలక దీన్ని గంజిలో కలిపాను. దీంట్లో మైలుతుత్తం ఉంది. నాకు తెలియదు. తెలియకే కలిపాను."

ఏడుకొండలు చెయ్యి జక్కయ్య మెడ మీద నుంచి జారిపోయింది.

"నోర్ముయ్యవే," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. "నోర్ముయ్. మగ్గం పిండేమిటి?"

"కోడలికి మతి పోయింది."

మార్కండేయులు గుమ్మం దాటి వచ్చాడు. మగ్గం ఆగిపోయిన దగ్గర్నుంచి వీధిలోకి రాని మనిషి. నుదుట బొట్టు, ఉతికిన పంచె. జనం తెలియకుండానే పక్కకి తప్పుకున్నారు.

"ఈ జక్కయ్యని కొడుతుంటే చూడలేక తన మీద వేసుకుంటోంది. జాలిగుండె. ఈ ఇంట్లో మగ్గం కూడు ఎవరూ ముట్టలేదు. ముట్టరు కూడా. ఇది శుభ్రమైన పిండి."

"మావయ్యా, వద్దు!"

ఆయన కుండలో చెయ్యి పెట్టాడు. పిడికెడు పిండి తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. చెంబులో నీళ్ళు తాగి మూతి తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"చూశారా!" అంది వెంకటరావమ్మ. "విషమైతే పెద్దాయన తింటాడా?"

ఎవడిదో చెయ్యి మళ్ళీ జక్కయ్య మెడ మీద పడింది.

చౌడేశ్వరమ్మ ఇంత పిండి తీసి కొంగున ముడి వేసుకుంది. "ఆమోసూ, పద."

అతను కదలలేదు. "నీ మాట నమ్మాలా అమ్మా, ఆయన తిన్నది నమ్మాలా? తప్పు మందు పడితే నా మనిషి దక్కదు. ఏది నిజం?"

ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. ఎప్పుడూ పైనుంచి పోసిన చెయ్యి అది. పట్టుకుని సందులోకి లాక్కుపోయింది. "నా బిడ్డలేని కడుపు మీద ఒట్టు. ఇది అబద్ధపు ఒట్టు కాదు. పద."

సందు మలుపు తిరిగారో లేదో, వెనక నుంచి ఏడుకొండలు కేక వినపడింది.

"నాన్నా! నాన్నా! ఒసే చౌడమ్మా, పరుగెత్తుకు రావే! నాన్న పచ్చగా కక్కుతున్నాడే!"

ఇద్దరూ ఆగారు. ఆమోసు ఆ మాట విన్నాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు. ఇక ఏమీ అడగలేదు. దోసిలి పట్టాడు. ఆవిడ కొంగు ముడి విప్పి పిండి అతని చేతుల్లో పోసింది. పిండి ఒలకకుండా ఆ చేతుల్ని తన చేతులతో మూసి పట్టుకుంది.

"మైలుతుత్తం అని చెప్పు. ఏమని చెబుతావు?"

"మైలుతుత్తం."

"పరుగెత్తు. ముసలాయన్ని కూడా తీసుకొస్తున్నామని చెప్పు."

అతను కాలవ వంతెన వైపు పరుగెత్తాడు. ఆవిడ వెనక్కి పరుగెత్తింది.

అరుగు చుట్టూ గుంపు విచ్చుకుపోయింది. ఎవరూ దగ్గరికి రావడం లేదు. ఏడుకొండలు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. జక్కయ్య ఒక్కడే, చేతులు వెనక్కి కట్టి ఉండగానే, ముసలాయన తల కింద పడకుండా తన తొడ ఆనించి కూర్చున్నాడు. ఆయన ఉతికిన పంచె మీద, అరుగు మీద పచ్చటి చారలు.

"మావయ్యా! బండి తెస్తారు. ఆసుపత్రికి పోదాం. మావయ్యా!"

మార్కండేయులు కళ్ళు తెరిచాడు. ఆవిడ కోసం కాదు, కుండ కోసం వెతికాయి ఆ కళ్ళు. అది అరుగు మీద నోరు తెరుచుకుని ఉంది. సందు సందంతా దాన్నే చూస్తోంది.

"అమ్మాయ్," అన్నాడు, మాట కూడగట్టుకుని. "కుండ మీద మూత పెట్టు."